రెండో అక్షరాభ్యాసం

మా మనవరాలికి పద్ధెనిమిదో ఏట రెండోసారి అక్షరాభ్యాసం జరిగింది. మొదటిది మూడో ఏట, బెజవాడలో మా ఇంట్లో. పళ్ళెంలో బియ్యం పోసి, పురోహితుడుగారు దాని చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తే, అది గుప్పెడు బియ్యం తీసి ఆయన మీదనే చల్లింది. రెండోది 2023 శరదృతువులో, అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో. దానికి పురోహితుడూ లేడు, బియ్యమూ లేదు, మమ్మల్ని ఎవరూ పిలవనూ లేదు. అక్షరాలు తెలుగువీ కావు, ఇంగ్లీషువీ కావు, గ్రీకువి. పైగా దిద్దుకునే అక్షరాలు కావు, తొడుక్కునే అక్షరాలు.

ఈ తొడుక్కోవడం దగ్గరే పేచీ వచ్చింది. ఎప్పుడు తొడుక్కోవాలి? సంఘంలో చేర్చుకుంటామని మాట ఇచ్చిన రోజునా, దీక్ష ఇచ్చిన రోజునా? మధ్య తేడా మహా అయితే ఏడెనిమిది వారాలు. ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఆ ఏడెనిమిది వారాల్లో మా ఇంట్లో వాదోపవాదాలు చాలా జరిగాయి. ఒక పరాయి పిల్లకి చాలా కష్టమూ కలిగింది. అందుకని రాస్తున్నాను.

సంగతి తెలియనివారికోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికా కాలేజీల్లో ఆడపిల్లలకు అక్కచెల్లెళ్ళ సంఘాలు వుంటాయి. వాటిని సొరోరిటీలంటారు. మగపిల్లలవి ఫ్రెటర్నిటీలు. ఒక్కొక్క సంఘానికి రెండో మూడో గ్రీకు అక్షరాలే పేరు. మొట్టమొదట 1776లో, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్ళు తమ సంఘానికి ఫై బీటా కప్పా అని పేరు పెట్టుకున్నారు. ఆ మూడూ ఒక గ్రీకు వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు. అప్పటినించీ అదే ఒరవడి. చాలా సంఘాల అక్షరాల వెనక ఏదో గుప్తమైన అర్థం వుంటుందనీ, అది దీక్ష తీసుకున్నవాళ్ళకే చెబుతారనీ మా చిన్ని నాకు గుసగుసగా చెప్పింది. ఇంట్లో మేమిద్దరమే వున్నాం. ఎందుకు గుసగుసలాడిందో తెలియదు.

ఆ అక్షరాల్లో థీటా ఒకటి. మా చిన్నతనంలో లెక్కల మేష్టారు త్రికోణమితి చెబుతూ ‘సైన్ తీటా, కాస్ తీటా’ అనేసరికి క్లాసంతా కిసుక్కున నవ్వేది. అందుచేత చిన్ని స్నేహితురాలొకతె మా ఇంటికొచ్చి ఎంతో గర్వంగా తాను ‘థేటా’నని చెప్పుకున్నప్పుడు, నేను స్టవ్ మీద ఏదో మాడుతోందనే వంకతో వంటింట్లోకి పారిపోయాను. పేరులో ఆ అక్షరమున్న సంఘం ఎంతటిదో తరవాత తెలిసింది. ఆ ముచ్చట ముందు చెబుతాను.

సంఘంలో చేరడమంటే, నాకు అర్థమైనంతవరకు, మన పెళ్ళిచూపులే. కాకపోతే ఇక్కడ పెళ్ళికూతుళ్ళే గుంపుగా బయల్దేరి ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక్కొక్క సంఘానికీ కాలేజీ దగ్గర ఒక పెద్ద మేడ. అందులోని పాత సభ్యులు గుమ్మంలో నిలబడి పాటలు పాడి ఆహ్వానిస్తారు. కూచోబెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తారు. మనవాళ్ళలాగ పాట పాడమని మటుకు అడగరు, వాళ్ళే పాడతారు. కొన్ని రోజుల తరవాత వీళ్ళు తమకు నచ్చిన ఇళ్ళ పేర్లు వరసగా రాసిస్తారు, వాళ్ళు తమకు నచ్చిన పిల్లల పేర్లు రాసిస్తారు. రెండు జాబితాలూ కలిస్తే చేతికి ఒక కవరు వస్తుంది. ఆ రోజు పిల్లలందరూ కవర్లు చింపి, కేకలు పెట్టుకుంటూ, పరుగులు తీసుకుంటూ తమ తమ మేడలకు చేరుకుంటారు. మా అమ్మాయి ఆ వీడియో చూపించింది. తిరణాలలో తప్పిపోయిన పిల్లలకి తల్లులు దొరికినట్టు వుంది.

అయితే కవరు వచ్చినంతమాత్రాన పని పూర్తి కాలేదు. అది నిశ్చితార్థం. అసలు దీక్ష తరవాత. ఈలోగా ఆ పిల్లలు సంఘం చరిత్ర చదవాలి, అందరి పేర్లూ నేర్చుకోవాలి, చందా కట్టాలి, మార్కులు పడిపోకుండా చూసుకోవాలి. ఒకప్పుడు వీళ్ళని ‘ప్లెడ్జి’లనేవారట, అంటే ప్రతిజ్ఞ చేసినవారని. ఇప్పుడు ‘కొత్త సభ్యులు’ అంటున్నారు. దీక్ష అయ్యేదాకా సంఘం పతకం పెట్టుకోకూడదు. అది గుండెకు ఎదురుగా, ఎడమవైపున పెట్టుకునే చిన్న బంగారు పతకం. చాలా సంఘాల్లో సంఘచిహ్నం కూడా అంతే. ఇంతవరకు పెద్దగా భేదాభిప్రాయాలు లేవు. పేచీ అంతా చొక్కా మీద కుట్టే అక్షరాలతోనే. కొన్ని సంఘాలు కవరు వచ్చిన రోజునే అక్షరాల చొక్కా తొడిగేస్తాయి. కొన్ని సంఘాలు దీక్షదాకా ఆగమంటాయి. ఒకే సంఘంలో ఒక కాలేజీలో ఒక పద్ధతి, ఇంకో కాలేజీలో ఇంకో పద్ధతి కూడా వుంటుందట. ఆగమనేవాళ్ళు కూడా పిల్లల్ని మరీ ఉసూరుమనిపించకుండా ఒక మధ్యేమార్గం పెట్టారు. గ్రీకు అక్షరం వేసుకోకూడదు గాని, అదే పేరుని ఇంగ్లీషు స్పెల్లింగులో రాసిన చొక్కా వేసుకోవచ్చు. మండపందాకా రావచ్చు, గర్భగుడి గడప మటుకు దాటకూడదన్నమాట!

మా చిన్ని చేరిన సంఘం ఆగమనే రకం. దాని గదిలో పక్కమంచం పిల్ల చేరిన సంఘం మొదటిరోజే తొడిగే రకం. (ఆ పిల్ల పేరు రాయను. పక్కమంచం పిల్ల అనే అంటాను. సంఘాల పేర్లూ అనవసరం.)

శని ఆదివారాలకి చిన్ని ఇంటికి వచ్చినప్పుడల్లా ఒంటి మీద ఇంగ్లీషు స్పెల్లింగు చొక్కాయే. పక్కమంచం పిల్ల ఫొటోల్లో మటుకు ఛాతీ మీద జానెడేసి గ్రీకు అక్షరాలు. పూలగుడ్డతో కత్తిరించి, చుట్టూ దారంతో కుట్టినవి. ఎండాకాలం సెలవుల్లో ఐస్‌క్రీమ్ దుకాణంలో పనిచేసి సంపాదించుకున్న డబ్బుతో ఆ పిల్ల అలాటివి మూడు కొనుక్కుంది. వాళ్ళమ్మకి కూడా ‘నేను ఫలానా సంఘం తల్లిని’ అని రాసిన చొక్కా ఒకటి పంపించింది.

“నీకు కష్టంగా లేదుటే?” అనడిగాను మా చిన్నిని.

“ఎందుకు అమ్మమ్మా? ఆ రోజు వస్తుందిగా.”

“పక్కనే ఆ పిల్ల వేసుకు తిరుగుతుంటేనో?”

అది కాస్సేపు ఆలోచించి, “కొంచెం వుంది,” అంది.

అక్టోబరులో దానికి ఒక పెద్దక్కని నిర్ణయించారు. ప్రతి కొత్త పిల్లకీ పాతవాళ్ళలో ఒకరు పెద్దక్కగా వుంటారు. ఆ అమ్మాయి బహుమతులతోపాటు ఒక కాగితపు పొట్లం ఇచ్చి, ‘ఆ రాత్రిదాకా విప్పకు’ అని మీద రాసింది. లోపల ఏముందో వేరే చెప్పాలా? గదిలో వుంటే విప్పాలనిపిస్తుందని చిన్ని దాన్ని ఇంటికి తీసుకొచ్చి నా చీరల పెట్టెలో దాచింది. నేను ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసినదాన్ని. ఇతరుల పొట్లాలు విప్పకుండా దాచడం నాకు అలవాటే.

ఆ మాటకొస్తే ఇలా ఆగడం నాకు కొత్తకాదు. చిన్నప్పుడు బెజవాడలో మా వీధి ఆడపిల్లలం నలుగురం కూచిపూడి నేర్చుకున్నాం. మా మేష్టారు గజ్జెపూజ అయ్యేదాకా గజ్జె కట్టనిచ్చేవారు కారు. అడుగులు, జతులు అన్నీ వట్టికాళ్ళతోనే. మాలో ఒకమ్మాయి తండ్రి బట్టల వ్యాపారి. ఆయన కూతురు ముచ్చటపడిందని ముందే గజ్జెలు కొనిపెట్టాడు. ఆ అమ్మాయి మధ్యాహ్నంపూట తలుపులు వేసుకుని కట్టుకునేది. వీధంతా వినబడేది. మర్నాడు మేష్టారు ఏమీ అనేవారు కారు, దాని అడుగుని మటుకు నాలుగుసార్లు ఎక్కువ వేయించేవారు. గజ్జె కడితే కాలు తప్పినా చప్పుడులో కలిసిపోతుందని ఆయన భయం. మాకు గజ్జెపూజ జరిగిన రోజున నటరాజు పాదాల దగ్గర పెట్టిన గజ్జెలు తీసి ఆయన చేతికిస్తే కళ్ళకద్దుకుని కట్టుకున్నాం. బరువు తెలిసింది. అంతకుముందు నాలుగేళ్ళు కట్టుకోలేదు గనకనే తెలిసిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఈ మాట చెబితే మా అల్లుడు ఒప్పుకోలేదు. అతను ఇంజనీరింగు చదివింది మన దేశంలోనే. “అత్తయ్యగారూ, మీరు చెప్పేది గురువుగారి సంగతి. ఇక్కడ ఆపేవాళ్ళు గురువులు కారు, ఏడాది ముందు చేరిన పిల్లలు,” అన్నాడు. అతని కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రాళ్ళు బెల్టు పెట్టుకోకూడదు, మీసం వుంచకూడదు, కాళ్ళకి హవాయి చెప్పులే వేసుకోవాలి, ఫ్రెషర్స్ డే అయ్యేదాకా. చూడగానే కొత్తవాడని ఆనవాలు పట్టడానికి! అలా ఆనవాలు పట్టి ఏం చేసేవారో అతను నాకు పూర్తిగా చెప్పలేదు. “ర్యాగింగు నిషేధిస్తూ మనవాళ్ళు 1997లో చట్టం చేశారు. నేను చదివేనాటికి అదీ లేదు,” అని ఊరుకున్నాడు.

అతని మాటలో నిజం లేకపోలేదు. అమెరికాలోనూ ఇదే రోగం. దాన్ని హేజింగ్ అంటారు. దీక్షకి ముందు కొత్తవాళ్ళని హింసించడం. పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు కూడా వున్నాయి. ఆ తరవాతి ఏడాది, 2024 డిసెంబరులో, కాలేజీలన్నీ ఇలాటి సంఘటనల లెక్కలు బయటపెట్టి తీరాలని అక్కడి కేంద్రప్రభుత్వం చట్టం చేసింది. కొన్ని సంఘాలు మొదటిరోజే అక్షరాలు తొడిగేయడానికి ఇదీ ఒక కారణం. పాతా కొత్తా అనే గీత కనబడకపోతే, గీతకి ఇటున్నవాళ్ళని అటున్నవాళ్ళు ఏడిపించడం తగ్గుతుందని. చెడ్డ ఆలోచన కాదు. నేను అల్లుడితో అంతవరకు రాజీపడ్డాను.

రాజీపడనిది మా వీధిలో మూడిళ్ళ అవతలి పెద్దావిడ. నల్లజాతి ఆవిడ. బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఆదివారంనాడు ముదురు నీలం, బంగారు రంగుల కోటు వేసుకుని చర్చికి వెళుతుంటే చూసి ముచ్చటపడి పలకరించాను. ఆ కోటు మీద మూడు గ్రీకు అక్షరాలు. కాలేజీ పిల్లల వ్యవహారమనుకున్నది డెబ్భై దాటిన ఆవిడ ఒంటి మీద! అది సిగ్మా గామా రో అనే సంఘం. పుట్టింది ఆ ఇండియానాపోలిస్‌లోనే, బట్లర్ విశ్వవిద్యాలయంలో, 1922 నవంబరు 12న. పెట్టింది ఏడుగురు నల్లజాతి పంతులమ్మలు. ఆ రోజుల్లో ఇండియానా రాష్ట్రంలో క్లూ క్లక్స్ క్లాన్‌వాళ్ళు ఎంత జోరుమీద వున్నారో చరిత్ర చదివినవారికి తెలుసు. తెల్లపిల్లల సంఘాలు వీళ్ళని గుమ్మం తొక్కనిచ్చేవి కావు. అందుకే అంతకుముందే వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో (హార్వర్డ్ కాదు, హోవర్డ్) 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టింది. మన కమలా హారిస్ 1986లో చేరినది అందులోనే. తరవాత 1913లో అక్కడే డెల్టా సిగ్మా థేటా పుట్టింది. ఆ పిల్లలు పుట్టీ పుట్టగానే, 1913 మార్చి 3న, ఆడవాళ్ళకి ఓటు కావాలని వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో నడిచారు.

ఇలా సంపాదించుకున్న అక్షరాలు గనక ఆ సంఘాల్లో దీక్షకి ముందు అక్షరాలు వేసుకునే ప్రసక్తే లేదు. చొక్కా మాట అటుంచి, తమ రోజుల్లో ఆ రెండు రంగులూ కలిపి కట్టుకోవడానికే జంకేవాళ్ళమని ఆవిడ చెప్పింది. దీక్ష అయినాక ‘దాటాను’ అంటారు. దాటిన తేదీ, వరసలో తమ అంకె, కోటు మీద కుట్టించుకుంటారు. కాలేజీ అయిపోయినా సభ్యత్వం అయిపోదు. చనిపోయినప్పుడు తోటి సభ్యులు వచ్చి వేరే కర్మ చేస్తారు. నల్లజాతి సంఘాలన్నీ కలిసి 1990లో పాత ప్లెడ్జి పద్ధతి ఎత్తేశాయి, హేజింగ్ బాధ పడలేకనే. కాని అక్షరాల కట్టుబాటు మటుకు వదలలేదు. “మొదటిరోజే ఇస్తే పిల్లలకి సంతోషం కదా?” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “డిగ్రీ పట్టా మొదటిరోజే ఇస్తారా?” అంది. పోస్టాఫీసుదాన్ని, నాకింకేం కావాలి? డబ్బు పుచ్చుకోకముందు ముద్ర వేయడం మా కౌంటర్లోనూ లేదు.

ఆవిడ మాటల వేడి ఆరకముందే మా అల్లుడు ఒక ఆదివారం మమ్మల్ని గ్రీన్‌కాసిల్ తీసుకెళ్ళాడు. ఇండియానాపోలిస్‌కి పడమర, కారులో గంట ప్రయాణం. చిన్న ఊరు. మేపుల్ ఆకులు ఎర్రబడి రోడ్లంతా కుంకుమ రాసినట్టు వుంది. అక్కడ డిపా విశ్వవిద్యాలయం వుంది. ఒకప్పుడు దాని పేరు ఇండియానా ఆస్బరీ. 1867లో మొట్టమొదటిసారి ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. వాళ్ళలో బెటీ లాక్ అనే అమ్మాయి ఒకతె. అక్కడే పాఠాలు చెప్పే ఆచార్యుడి కూతురు. ఆడపిల్లలు రావడం మగపిల్లలకి గిట్టేది కాదు. అయినా ఒక ఫ్రెటర్నిటీ కుర్రాడు ఈ అమ్మాయిని గౌరవించదలచి, మా సంఘం పతకం నువ్వు పెట్టుకో అన్నాడు. దీక్ష ఇచ్చి నన్నూ మీలో ఒకదాన్ని చేసుకుంటే పెట్టుకుంటాను అంది బెటీ. ఆడదానికి దీక్ష ఎలా ఇస్తాం? కుదరదన్నారు. అయితే పతకమూ వద్దు అంది. వాళ్ళు నొచ్చుకుని, పతకానికి బదులు తమ అక్షరాలు చెక్కిన వెండి కేకుబుట్ట ఒకటి బహుమతిగా ఇచ్చారు!

ఆ అమ్మాయి కేకుబుట్టతో సరిపెట్టుకోలేదు. మరో ముగ్గురిని కూడగట్టుకుని 1870 జనవరి 27న కప్పా ఆల్ఫా థేటా అనే సంఘం పెట్టింది. గాలిపటం ఆకారంలో పతకాలు చేయించుకుని, మార్చి 14న నలుగురూ ప్రార్థనాసమావేశానికి వాటిని పెట్టుకు వెళ్ళారు. ఆడవాళ్ళు పెట్టుకున్న గ్రీకు అక్షరాల సంఘాల్లో మొదటివాటిలో మొదటిది అదే. అప్పటికి సొరోరిటీ అనే మాటే పుట్టలేదు. ఆ మాటని 1882లో సిరక్యూజ్‌లో ఒక ఆచార్యుడు గామా ఫై బీటావారికోసం తయారుచేశాడు. వంటింట్లోకి పారిపోయి నవ్విన నేను గ్రీన్‌కాసిల్ వీధిలో నిలబడి ఆ పిల్లకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. పరాయివాళ్ళ గుర్తు పెట్టుకుని మురిసిపోవడం ఆ రోజుల్లో ఎంత సులువు! ఆ తరవాత నూరేళ్ళదాకా కూడా, ఫ్రెటర్నిటీ కుర్రాడు తన పతకం తీసి ప్రేయసికి పెట్టడం, ఆ పిల్ల దాన్ని ఉంగరం తొడిగినంత సంబరంగా పెట్టుకు తిరగడం అమెరికాలో ఒక ఆచారంగానే వుండేది.

తిరుగుప్రయాణంలో చిన్ని ఏమీ మాట్లాడలేదు. వాళ్ళమ్మ, “ఏమిటే ఆలోచన?” అంటే, “కేకుబుట్ట ఇప్పుడెక్కడుందో!” అంది.

నవంబరు మొదటివారంలో పక్కమంచం పిల్లకి కష్టమొచ్చింది. వాళ్ళది ఒహాయో రాష్ట్రంలో చిన్న ఊరు. తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలో పనిగంటలు సగానికి తగ్గించారు. సంఘం చందా రెండో వాయిదా కట్టవలసిన తేదీ దాటిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకి ఆ మొదటి ఆరునెలలే ఖర్చు జాస్తి. చందా కాక, దీక్ష రుసుం, పతకం ఖరీదు, పండక్కొక చొక్కా, విందుకొక గౌను. ఆ పిల్ల గడువు అడిగింది. వాళ్ళు ఇచ్చారు కూడా. ఆ గడువూ దాటింది. ఒక సాయంత్రం పిలిచి మర్యాదగా మాట్లాడి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక సభ్యురాలు కాదు. కొత్త సభ్యుల చిన్న పతకం తిరిగి ఇచ్చేయాలి, అక్షరాలు వేసుకోకూడదు. నిబంధన ప్రకారం ఆ కాలేజీలో ఏడాదిపాటు అలాటి ఇంకో సంఘంలో చేరడానికీ వీల్లేదు.

ఎవరూ కేకలెయ్యలేదు, ఎవరూ అవమానించలేదు. నిబంధనలకు విరుద్ధంగా ఒక్క పనీ జరగలేదు. నాకు కోపం వచ్చింది దానికే. కొద్ది వారాల క్రితం పాటలు పాడి, కావిలించుకుని, అక్షరాలు ఛాతీకి తగిలించి, ఊరంతా ఫొటోలు పంచిపెట్టారు. ఆ పిల్ల మెయ్యకి వేసుకున్నది చొక్కా గాని, వాళ్ళకి అది వాయిదాల మీద ఇచ్చిన సరుకు. నిశ్చితార్థం కాకముందే శుభలేఖలు వేయించినవాళ్ళకి సంబంధం తప్పితే కాగితం ఖర్చే పోతుంది. పేరు అచ్చయిన పిల్లకి ఇంకా చాలా పోతుంది. దీక్షదాకా ఆగమనడం పిల్లల్ని తక్కువ చేయడమని మా అల్లుడన్నాడు. తొడిగి విప్పించడం ఏమవుతుందో అతన్నే చెప్పమన్నాను. అతను ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచి, ఆ పిల్ల చందా తాను కడితే చేర్చుకుంటారేమో కనుక్కోమని కూతురికి ఫోను చేశాడు. చిన్ని కనుక్కుంది. పక్కమంచం పిల్లే వద్దంది.

నవంబరు మూడోవారంలో మా చిన్నికి దీక్ష అయింది. ముందురోజు వచ్చి నా పెట్టెలోంచి పొట్లం తీసుకెళ్ళింది. అంటించిన కాగితం అంటించినట్టే వుంది. దీక్షలో ఏం జరిగిందో నేను అడగలేదు. మా అన్నయ్య వడుగులో మా నాన్నగారు పట్టుబట్ట కప్పుకుని వాడి చెవిలో ఏం చెప్పారో మా అమ్మా అడగలేదు. తెల్లబట్టలు కట్టుకోవాలని మటుకు తెలుసు, ఎందుకంటే ఆ గౌను ఇస్త్రీ చేసింది నేనే.

థాంక్స్‌గివింగ్ పండక్కి పక్కమంచం పిల్ల ఇంటికి వెళ్ళలేదు, బస్సు ఖర్చు దండగని. చిన్ని వెంట మా ఇంటికి వచ్చింది. బయట చలి ఎముకలు కొరుకుతోంది. పొడుగుచేతుల మందపాటి చొక్కా వేసుకుంది. కుట్లన్నీ బయటికి వున్నాయి, మెడ దగ్గర దుకాణంవాడి చీటీ కనబడుతోంది. తిరగేసి తొడుక్కుందని చెబుదామని నోరు తెరిచి, ఛాతీ మీద దారాల వరస చూసి మూసుకున్నాను. వెనకనుంచి చూసినా అక్షరాల ఆకారం తెలుస్తూనే వుంది. ఆ పిల్లకున్న వెచ్చని చొక్కాలు మూడూ అవే.

నేను ఏమీ అనలేదు. పులిహోర పెట్టాను. రెండోసారి అడిగి వేయించుకుంది. ఆ సాయంత్రం మా అమ్మాయి కత్తెర, సన్న సూది పట్టుకుని ఆ పిల్ల పక్కన కూచుంది. ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోకుండా మూడు చొక్కాల మీది అక్షరాల కుట్లు విప్పారు. దాదాపు రెండు గంటలు పట్టింది. పూలగుడ్డ ముక్కలు పారెయ్యడానికి ఆ పిల్లకి చెయ్యి రాలేదు. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. చొక్కాల మీద అక్షరాలున్న చోట రంగు తక్కిన బట్టకంటే ముదురుగా వుండిపోయింది. రెండు ఉతుకుల్లో పోతుందని చెప్పాను. పోతుంది కూడా.

మన పిల్లల సంగతీ ఒకమాట. దక్షిణాసియా పిల్లలకోసం అక్కడ వేరే సంఘాలు కూడా వున్నాయి. టెక్సాస్‌లోనే 1998లో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా వెలిశాయి. చిన్ని వాటిలో చేరలేదేమని మా బంధువులు అడుగుతూ వుంటారు. దాని కాలేజీలో అవి లేవు. వుంటే చేరేదో లేదో నాకు తెలియదు, అది దాని ఇష్టం.

డిసెంబరులో సెలవులకి వచ్చినప్పుడు సంచీడు మాసిన బట్టలు తెచ్చింది. మిషనులో వేస్తూ ఒక్కొక్కటీ చూశాను. ఇంగ్లీషు స్పెల్లింగు చొక్కా వుంది, అక్షరాల చొక్కా లేదు.

“పెద్దక్క ఇచ్చింది ఏదే? ఉతకవద్దూ?”

“అది సంఘం మేడలోనే వుంటుంది, అమ్మమ్మా. అక్కడికి వెళ్ళి వేసుకుంటాను, అక్కడే విప్పి వస్తాను.”

“అదేం? వేసుకోవచ్చుగా ఇప్పుడు.”

“వేసుకోవచ్చు,” అంది. “గదికి తీసుకురాను.”